ఆధార్ కార్డు మీద మా షెల్టర్ అడ్రసు

మొదట నాగర్‌కర్నూల్లో, తర్వాత గద్వాలలో, ఇప్పుడు వనపర్తిలో. ఇల్లు లేని కుటుంబాలకు ఇంత నీడ చూపించే పనిలోనే నా జుట్టు నెరిసింది. ఈమధ్య బస్సెక్కితే చాలు, కళ్ళు మూతలు పడుతున్నాయి. అలసిపోయానని ఎవరితోనైనా అంటే, సేవ చేసేవాళ్ళకు అలసటేమిటంటారు. అలాంటివాళ్ళను సోమవారం పొద్దున మా షెల్టర్‌లో స్నానాల గది ముందు ఒక గంట నిలబెట్టాలనిపిస్తుంది.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. ఆత్మకూరు దగ్గరి ఒక ఊరి నుంచి భార్యాభర్తలు ఇద్దరు ఆడపిల్లలతో మా షెల్టర్‌కు వచ్చారు. మేస్త్రీ వెంట వలస పనికి పోయి తిరిగొచ్చేసరికి వాళ్ళ మట్టిమిద్దె వానలకు కూలిపోయి ఉంది. పెద్దపిల్లను టౌన్‌లో బడికి పంపాలంటే ఇక్కడి అడ్రసు కావాలన్నారు. నేను నలుగురి ఆధార్ కార్డులూ మా షెల్టర్ అడ్రసుకు మార్పించేశాను. వచ్చిన ప్రతి కుటుంబానికీ అదే చేసేదాన్ని. కాగితం చేతిలో ఉంటే మనిషికి ధైర్యమని ఉపన్యాసాలు కూడా ఇచ్చేదాన్ని. పిల్ల బళ్ళో చేరింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఏడాది తిరక్కుండానే వాళ్ళ ఊరి గ్రామసభలో, సర్కారు మంజూరు చేసే ఇళ్ళ జాబితా చదివారు. అందులో వాళ్ళ పేరు లేదు. కూలిన ఇంటి జాగా వాళ్ళదేనని ఊరంతటికీ తెలుసు. అయినా కార్డు మీద వనపర్తి అని ఉంది కాబట్టి వాళ్ళు ఊరివాళ్ళు కారట. గ్రామసభలో లేచి నిలబడి వాదించాను. కార్డు మీదున్నది ఇల్లు కాదు, ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే చోటని గొంతు పోయేదాకా చెప్పాను. పంచాయతీ కార్యదర్శి నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మెల్లగా చెప్పాడు. కార్డులు మళ్ళీ ఊరి అడ్రసుకు మార్పించాలట. విచారణకు పైనుంచి అధికారులు వచ్చిన రోజున కుటుంబం ఆ జాగాలోనే కాపురముంటూ కనబడాలట. ఎప్పుడొస్తారో ఆయనకూ తెలియదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈసారి అడ్డంపడ్డ పూజారిని నేనే.

కార్డులు మార్పించాను. ఇన్నేళ్ళూ టార్పాలిన్ల కింద నుంచి కుటుంబాలను లేపుకొచ్చిన దాన్ని, ఆ నలుగురినీ నా చేతులతోనే టార్పాలిన్ కిందికి పంపాను. మిగిలిన మొండిగోడకు దాన్ని కట్టుకున్నారు. అధికారులు ఎప్పుడొచ్చినా మనిషి కనబడాలని పిల్లల తల్లి కూలి మానుకుని అక్కడే కూర్చుంది. పెద్దపిల్లను షెల్టర్‌లోనే ఉంచి చదివిస్తానంటే, ఒక్కరు తక్కువైనా అనుమానపడతారని వద్దంది. పిల్ల ఏడవకుండా పుస్తకాల సంచి సర్దుకుంది. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడు వారాలకు విచారణకు వస్తున్నారని కబురందింది. కాగితాలన్నీ సంచిలో వేసుకుని పొద్దున బస్సుకే వెళ్ళాను. ఆమె దూరం నుంచే నన్ను చూసి గబగబా ఎదురొచ్చింది.

"ఇయ్యాల నువ్వు ఈడ ఉండకు మేడం" అంది.

భయపడుతోందేమో అనుకున్నాను. అధికారులతో నేనే మాట్లాడతాననీ, నువ్వు పక్కన నిలబడితే చాలనీ చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నువ్వు మంచికే జేసినవ్, నాకు తెల్వదా. గని నిన్ను జూస్తే సార్లు మమ్ముల్ని మళ్ల షెల్టరోళ్లే అనుకుంటరు. జర పో మేడం."

ఆమె మాటలో తప్పేం లేదు. నాకు కోపం రాలేదు. కాగితాల సంచి ఆమె చేతికిచ్చాను. రోడ్డు మీదికి వచ్చి వనపర్తి బస్సు కోసం నిలబడ్డాను. కాసేపటికి జీపొకటి వేగం తగ్గించి నా పక్క నుంచే ఊళ్ళోకి మళ్ళింది. గ్రామసభలో నన్ను చూసినవాళ్ళెవరైనా అందులో ఉంటారేమోనని కొంగు తలమీదికి లాక్కుని, ముఖం అటు తిప్పుకున్నాను.