తొక్కుడు మిషన్ పలికిన ఆదివారం

నేను కుట్టు మిషన్ల మెకానిక్‌ని. మిషన్ ఆగిందంటే సూది వంగి ఉంటుంది, లేదా నూనె ఎండి ఉంటుంది. దయ్యం పట్టిన మిషన్ ఇరవై ఏళ్లలో ఒక్కటి కూడా నా అంగడికి రాలేదు. మహిమలన్నా నాకు నవ్వే. ఇది ముందే చెప్తున్నా.

ఆలూరు దగ్గర ఒక పల్లె నుంచి ఫోన్ వచ్చింది, "తొక్కుడు మిషన్ ఆగిపోయిందప్పా, బిరీన రా" అని. సూదులు, బెల్టులు సంచిలో వేసుకుని పోతే నేరుగా చర్చిలోకి తీసుకుపోయారు. అక్కడున్నది కాళ్లతో తొక్కి వాయించే ఆర్గన్! ఊళ్లో అందరూ దాన్ని తొక్కుడు మిషన్ అనే అంటారట. నా మొహం చూసి చర్చి అయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయారు.

దాని కథ ఆయనే చెప్పారు. నూటాయాభై ఏళ్ల కిందట దొరల దేశాల్లో దీనికి మహా గిరాకీ అట. కాస్త కలిగిన ఇల్లంటే హాల్లో ఇది ఉండాల్సిందే, పెళ్లీడు పిల్లకు ఇది వాయించడం రావాల్సిందే. తర్వాత పియానోల మోజులో పడి దీన్ని మూలకు నెట్టేశారు. ఈలోగా మిషనరీ దొరసానులు దీన్ని ఓడల్లో, ఎద్దుల బండ్లలో మన పల్లెలకు తెచ్చారు. మన నాటకాల హార్మోనియం కూడా దీని బిడ్డేనట.

ఇప్పుడు ఇక్కడా దీనికి కాలం చెల్లింది. ఆదివారానికి పలక్కపోతే పాత సామాన్ల బండికి ఇచ్చేద్దామని సంఘ పెద్దలు తీర్మానించారు. ఒప్పుకోనిది ఎలీసమ్మవ్వ ఒక్కతే. తల్లి దగ్గర నేర్చుకుని నలభై ఏళ్లు వాయించిన మనిషి. నాకు ఫోన్ చేయించింది కూడా ఆమే.

"ఇదీ తొక్కేదే కదప్పా. చూడకుండానే పోతాండావా?" అంది. నాకు పౌరుషం వచ్చి కూర్చున్నా.

రెండు రోజులు పట్టింది. ఎలుకలు కొరికిన గాలితిత్తికి రెగ్జిన్ అతికించా. తెగిన పట్టీల బదులు కుట్టు మిషన్ బెల్టులే వేశా. లోపల గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి రీడ్లు ఒకే వరస, వేలితో నొక్కే మెట్టుకు ఒకటి. నడిమి మెట్టు రీడు విరిగిపోయి ఉంటే, కొత్తది చేయించడానికి కొలత కోసం ఊడదీసి సంచిలో వేసుకున్నా. ఆదివారానికి మాత్రం ఆ మెట్టు పలకదని చెప్పేశా.

"అది లేకుంటే మా అమ్మ పాట యాడ పలుకుతాదప్పా?" అని అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు శానా బాధేసింది.

ఆదివారం పొద్దున చర్చి నిండిపోయింది. పెద్దలు చేతులు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. అవ్వ తొక్కడం మొదలుపెట్టింది. పాట ఆ మెట్టు దగ్గరికి వస్తుంటే చూడలేక తల దించుకున్నా.

పలికింది! నిండుగా, గట్టిగా పలికింది. పాటలో ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ పలికింది. జనం లేచి నిలబడి గొంతెత్తి పాడారు. వద్దన్న పెద్దలే అందరికంటే గట్టిగా పాడారు. బండి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేనే గెలిచినంత సంబరపడ్డా.

ఆరాధన అయ్యాక వెనక పలక తీసి చూశా. రీడు గాడి ఖాళీ. మెట్టు నొక్కితే ఉత్త గాలి బుస్సుమంది. విరిగిన రీడు నా సంచిలోనే ఉంది. పక్క రీడు పలికిందేమో అనుకుందామంటే దాని స్వరమే వేరు, అయ్యగారూ అదే అన్నారు. అవ్వను అడిగితే, "యాడి నుంచి పలికితే నీకేమప్పా? పలికింది కదా!" అని నవ్వింది.

తర్వాత కడపలో కొత్త రీడు చేయించి నా చేత్తోనే బిగించా. ఇప్పుడు అన్ని మెట్లూ పలుకుతాయి. ఆ ఒక్కటి మాత్రం, రీడు లేని రోజు పలికినంత బాగా పలకడం లేదు. ఎందుకో నాకు ఈరోజుకీ తెలియదు.