అక్క కట్టుకున్న వైట్ బెల్టు

నా చిన్నప్పుడు మేము బెంగాల్‌లోని వాట్‌గంజ్‌లో, నాన్న పనిచేసే ఓడల డాక్ దగ్గరి లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఆ పేట క్లబ్బులో ఆదివారం పొద్దున్నే కరాటే నేర్పేవారు. చేరగానే వైట్ బెల్టు. పరీక్ష నెగ్గితే ఎల్లో, తర్వాత గ్రీన్, బ్రౌన్, చివరికి బ్లాక్. క్లాసులో నిలబడేది కూడా బెల్టు వరసలోనే, వయసుతో పనిలేదు. వైట్ బెల్టుల చోటు అందరికంటే వెనక.

నాకప్పుడు పదకొండేళ్ళు, ఎల్లో బెల్టు. గ్రీన్ బెల్టు కోసం ఆరు నెలలు పాదాలు కాయలు కట్టేలా వాకిట్లో సాధన చేశాను. పరీక్ష రోజు కటా, అంటే వరసగా చేసి చూపించాల్సిన దెబ్బలూ అడ్డుకోవడాలూ, ఒక్క తప్పు లేకుండా చేశాను. నా పక్కన చేసిన క్లబ్బు సెక్రటరీ మేనల్లుడు సగంలో మరిచిపోయి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. గ్రీన్ బెల్టు వాడి నడుముకు కట్టారు! ఆడపిల్లవి, నీకు తొందరేముంది, వచ్చేసారి చూద్దాంలే అని, మేమంతా దాదా, అంటే అన్నా, అని పిలిచే కరాటే మాస్టారు నా తల నిమిరాడు. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పేట గోడల నిండా అందరూ సమానమనే నినాదాలే, ఆ క్లబ్బు గోడతో సహా.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే పక్కింటి అక్క వచ్చింది. మా శ్రీకాకుళం వాళ్ళమ్మాయే. క్లాసులో ముందు నిలబడే బ్రౌన్ బెల్టు, మూడు నెలల్లో బ్లాక్ బెల్టు పరీక్షకు వెళ్ళాల్సిన మనిషి. జరిగిందంతా తనూ చూసింది.

"ఏడిస్తే ఏటొస్తాదే? ఆదోరం రా, సూద్దాం," అంది.

ఆ ఆదివారం అక్క బ్రౌన్ బెల్టు ఇంట్లో వదిలి, తన పాత వైట్ బెల్టు కట్టుకొచ్చి నా వెనకాల నిలబడింది. ఇదేమిటని దాదా గద్దించాడు. ఈ పిల్ల చేసింది చాలదంటే నాకొచ్చిందీ చాలదు, దీనికి గ్రీన్ ఇచ్చేదాకా నా చోటు దీని వెనకే అని అక్క బెంగాలీలో అందరికీ వినబడేలా చెప్పింది.

దాదా సిగ్గుపడలేదు. ప్రతి ఆదివారం అక్క అలాగే నిలబడింది. పిల్లలు నవ్వేవాళ్ళు. చివరికి తర్వాతి పరీక్షలో నాకు గ్రీన్ ఇవ్వక తప్పలేదు. బ్లాక్ బెల్టు పరీక్షకు పంపే జాబితాలో మాత్రం అక్క పేరు లేదు. వైట్ బెల్టుల్లో నిలబడ్డ మనిషిని ఎలా పంపుతామన్నారట! ఆ మాట విని నేను నా బెల్టు విసిరికొట్టబోతే అక్క పట్టుకుని, నా నడుముకు బిగించి కట్టింది.

"ఇసిరేస్తే ఆళ్ళకే మంచిది. కట్టుకో."

ఆ కోపం నాలో చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు. రేషన్ షాపు దగ్గరైనా, ఆసుపత్రిలోనైనా, ఎవరినైనా అన్యాయంగా వెనక్కి నెడితే నా చోటు వదిలి వాళ్ళ వెనక వెళ్ళి నిలబడతాను. నెట్టినవాడు తల దించుకునేదాకా అక్కణ్ణించి కదలను.