తోడల్లుడి బండపరుపు చూసి మండినవాణ్ణి

సహోదరులారా, సహోదరీలారా, నాకు పట్టిన జబ్బుకు మాచర్లలో గానీ నరసరావుపేటలో గానీ మందు దొరికేది కాదు. ఎందుకంటే అది ఒంటికి పట్టింది కాదు, కంటికి పట్టింది. నా తోడల్లుడు రత్నాన్ని నలుగురూ మెచ్చుకుంటుంటే చూశానంటే చాలు, నీళ్ళు పోసిన సున్నంలాగా కుతకుత ఉడికేవాణ్ణి, ఆ రోజు అన్నం సయించేది కాదు, ప్రార్థనకు మోకరించినా అతని మొహమే కనబడేది.

అప్పట్లో నేను మాచర్లలో ఒక బండల డిపోలో కొలతగాణ్ణి. గనుల నుంచి బళ్ళ మీద వచ్చే నాపబండలకు టేపు పట్టి, పొడవూ వెడల్పూ నోటితోనే హెచ్చవేసి, ఇన్ని చదరపు అడుగులని కేకేసి, సుద్దముక్కతో బండ మీద అంకె వేయడం నా పని. బడికి పోయింది కొద్దికాలమే అయినా లెక్క నాకు నేనుగా పట్టుబట్టి నేర్చుకున్నాను, ఆ లెక్క వల్లే ఆ కొలువు దొరికింది. దొరికిందన్న మాటే గానీ పొద్దున మొదటి బండి చక్రాల చప్పుడు వినబడితే నాకు నీరసం వచ్చేది. నేను కొలిచిన బండ ఏ ఊరు పోతుందో, ఎవరింట్లో పడుతుందో, దాని పక్కన ఏ బండ వస్తుందో నాకు తెలిసేది కాదు. కొలిచేదాకే అది నాది, ఆ తర్వాత దానికీ నాకూ ఏమీ లేదు.

రత్నం ఆ బండలనే పరిచే మేస్త్రి. నా భార్య మార్తమ్మ చెల్లెల్ని చేసుకున్నాడు. మా అత్తగారి వంటిల్లు అతనే పరిచాడు. ఇక ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ అత్త వంగదీసేది. "చెయ్యి పెట్టి చూడమ్మా, సందు తగులుద్దేమో. మా చిన్నల్లుడు పరిచింది." ఒకావిడ ఊరుకోక "మరి మీ పెద్దల్లుడేం చేస్తాడు?" అని అడిగింది. "ఆయనా? ఆయన కొలుస్తాడు" అంది అత్త. నేను ఆ పక్క గదిలోనే కూర్చుని ఉన్నాను.

ఇంకొకసారి, దుర్గి పక్కన బంధువులు కొత్త ఇంటికి ప్రార్థన పెట్టించి మమ్మల్ని పిలిచారు. అక్కడా రత్నం పరుపే. తాగమని ఇచ్చిన నీళ్ళ గ్లాసును నేను కావాలనే ఒంచాను. ఎక్కడన్నా పల్లంలో ఒక చారెడు నీళ్ళు నిలబడితే చాలు, నా ప్రాణం హాయిగా ఉండేది. నీళ్ళు తిన్నగా గోడ వారకు జరిగి, తూములోంచి బయటికి పోయాయి. మార్తమ్మ నా చెవి దగ్గరకొచ్చి, "ఏందయ్యా, పోయే నీళ్ళను అట్టా సాగనంపుతున్నావు?" అంది. నాకు సిగ్గేసింది, అయినా కుళ్ళు పోలేదు.

నేనూ ప్రయత్నించకపోలేదు. మా పెరట్లో నాలుగు బండలు పరిచాను. లెక్క చూస్తే ఎక్కడా తప్పు లేదు, మార్తమ్మ బిందె పెడితే మాత్రం అది ఊయలలాగా ఊగింది. ఆ పొద్దు నేను పెరట్లోనే మోకరించి, "ప్రభువా, రత్నం చెయ్యి నాకియ్యి, లేదంటే ఈ చూపన్నా తీసెయ్యి, చూసి తట్టుకోలేకపోతున్నాను" అని ఏడ్చాను. ఆయన రత్నం చెయ్యి నాకియ్యలేదు, చూపూ తీసెయ్యలేదు. అప్పుడు నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది.

ఇట్లా ఉండగా మా పల్లెలో గుడి కట్టుకున్నాం. గోడలు లేచాయి, పైకప్పు వేయడమూ అయింది, నేల మాత్రం మట్టి. పెద్దలు కూర్చుని, ఇంటికొక బండ కానుకగా తేవాలని ఆరాధనలో చెప్పించారు. మంచి ఆలోచనే, కానీ ఎంత బండో చెప్పడం ఒక్కరికీ తోచలేదు. గని పనికి పోయేవాళ్ళు నిలువెత్తు బండలు బండి కట్టి తెచ్చారు, కూలి జనం చేతికందిన ముక్కలు తెచ్చారు, మరియమ్మవ్వ తన ఇంటి ముందు బట్టలుతికే బండనే ఊడదీసి నెత్తిన పెట్టించుకొచ్చింది. నేను మాత్రం రత్నం తెచ్చిన దానికన్నా పెద్దది కావాలని డిపోలో ఏరి ఏరి తెచ్చాను. అన్నీ చేర్చి చూస్తే ఒకటి నలుపు, ఒకటి బూడిద రంగు, ఏ రెండింటికీ కొలత కలవదు.

రత్నం వచ్చి చూసి తల పట్టుకున్నాడు. అన్నీ చిన్నబండ కొలతకు కోస్తే గానీ పరుపు కుదరదన్నాడు. జనం ఒప్పుకోలేదు. "దేవుడికిచ్చినదాన్ని సగం కోసి పారేస్తావా?" అని ఒకాయన లేచాడు. మరియమ్మవ్వ పోయి తన బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ముందు నన్ను కొయ్యరా, రత్నం. తర్వాత దీన్ని కోద్దువుగాని."

అందరూ అతని మీద విసుక్కుంటుంటే, దేవుడు క్షమించుగాక, నాకు లోపల పండగలాగుంది. అతను నలుగురిలో చేతగాక నిలబడటం చూడాలని ఎన్నాళ్ళుగానో కోరుకున్నాను, అది నా కళ్ళ ముందే జరుగుతోంది. కానీ అదే నిమిషంలో నా కళ్ళు ఊరుకోలేదు. అవ్వ బండ పక్కన ఆ పొడుగు ముక్క చేరిస్తే గని వాళ్ళ బండ వెడల్పుకు సరిపోతుంది, ఆ రెండు బూడిద రాళ్ళు అడ్డంగా తిప్పితే కింద వరసకు అందుతాయి. సంవత్సరాల తరబడి నేను విసుక్కుంటూ కొలిచిన కొలతలన్నీ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వస్తున్నాయి. నోరు మూసుకుంటే రత్నం ఓడిపోతాడు. నోరు తెరిస్తే గుడి నేల కుదురుతుంది, పేరు మళ్ళీ అతనికే పోతుంది. నేను గోడ వైపు తిరిగి, "ప్రభువా, నాకు మాట్లాడాలని లేదు, నువ్వే మాట్లాడించు" అన్నాను. అంతకన్నా మంచి ప్రార్థన నాకు రాలేదు.

ఇటు తిరిగి, "తమ్ముడూ, కొయ్యబాకు. నేను కూర్చి చూపిస్తా" అన్నాను.

గుడి ముందు ఇసక మీద కొలత గీసి బండలన్నీ జరిపించాను. అన్నం వేళ దాటింది, మార్తమ్మ పిలిచి పిలిచి ఊరుకుంది, నాకు ఆకలి తెలియలేదు. జీవితంలో మొదటిసారి ఒక బండ పక్కన ఏ బండ వస్తుందో నేను చెబుతున్నాను! ఒక్కటీ కోయకుండా అన్నీ అమిరాయి, నేను గొప్పకు తెచ్చింది తప్ప. అది ఏ వరసలోనూ ఇమడక గుమ్మం బయట పడింది, ఈనాటికీ అందరూ చెప్పులు దాని మీదే విడుస్తారు.

అప్పుడు రత్నం వరసలన్నీ నడిచి చూసి, "అన్నయ్యా, కూర్పు బాగుంది గానీ ఒకటి బొటనవేలంత మందం, ఒకటి అరచెయ్యంత మందం. నువ్వు మందం చూడలా" అన్నాడు. నిజమే, నేను పొడవూ వెడల్పే చూశాను, మా పెరట్లో బిందె ఊగింది కూడా అందుకే. నా మొహం చూసి, "దానికేముంది, కింద సున్నం నేను చూసుకుంటా. ఇట్టా కూర్చటం మాత్రం నాకు చస్తే రాదు. నువ్వా డిపోలో ఏం చేస్తన్నావసలు?" అన్నాడు. నేను ఇంతకాలం ఎవరి చేతికి ఏడ్చానో, ఆ మనిషి నా కంటి నేర్పు చూసి అడిగిన మాట అది.

నేల పరిచాక మొదటి ఆదివారం ఇంకో తప్పు బయటపడింది. ప్రతి ఇంటివాళ్ళూ తమ బండ వెతుక్కుని దాని మీదే కూర్చుంటామన్నారు. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు అన్న సంగతి నా లెక్కలో లేదు. మరియమ్మవ్వ మగవాళ్ళ మధ్యన కూర్చుని, "నా రాయి ఇక్కడేసినోణ్ణి అడగండి" అంది. పాస్టరుగారు నవ్వాపుకోలేక పాట మొదలుపెట్టారు.

నేను డిపో ఒక్కసారిగా వదలలేదు, అంత ధైర్యస్తుణ్ణి కాను. ముందు సెలవు రోజుల్లో రత్నంతో పోయాను, పని నిలకడ మీదికి వచ్చాక డిపో మానేశాను. ఇప్పుడు నేను కూరుస్తాను, అతను పరుస్తాడు. కుళ్ళు మొత్తం చచ్చిందని అబద్ధం చెప్పను, అతణ్ణి పొగిడితే ఒక్కోసారి లోపల చురుక్కుమంటుంది, కానీ ఇప్పుడు అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, అతని పేరెత్తి ప్రార్థన చేయగలుగుతున్నాను. దేవునికే మహిమ.

ప్రియులారా, చేసే పని ముల్లులా గుచ్చుకుంటున్నవాళ్ళు మీలో ఉంటే నాదొక మాట వినండి. మా ఊళ్ళో పొలాలున్నవాళ్ళున్నారు, బడి పంతుళ్ళున్నారు, వాళ్ళను చూసి నేనెప్పుడూ మండలేదు, బండలు పరిచేవాణ్ణి చూసే మండాను. నా మనసు ఎక్కడుందో నాకన్నా ముందు నా కుళ్ళుకే తెలిసింది. మీరు ఎవర్ని చూసి మండుతున్నారో దాచుకోకుండా ఆ పేరే దేవుని ముందు చెప్పండి, వాళ్ళ చెయ్యి మీకిమ్మని మాత్రం అడగకండి, ఆ చేతి పక్కన నాకు పనేమన్నా ఉందా తండ్రీ అని అడగండి.