బల్ల మీద ఇరవై అయిదు

మా మేష్ట్రు సోమవారం పోయారు. బళేపేట సందులో ఆయన పక్కింట్లో ఉండే పువ్వులామె మా వీధికి వచ్చినప్పుడు చెప్పింది: "లెక్కల మేష్ట్రు పోయినాడప్పా, నీకు కావాల్సినోడు కదా." నిజమే, నాకు ఆయన కావాల్సినవాడే. ఆయనకు నేనేమయ్యానో రాయడానికే సిగ్గుగా ఉంది.

యుద్ధం రోజుల్లో హైస్కూలు లెక్కల టీచరు కావాలని నేను ట్రైనింగ్ కాలేజీలో చేరితే, నా బెంచీలోనే కూర్చున్నారాయన. నాకు ఇరవై రెండేళ్ళు, ఆయనకు యాభై దగ్గర. అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ట్రైనింగ్ సర్టిఫికెట్ లేకపోతే కింది తరగతులకు దించేస్తామని బడి పెద్దలు అన్నారట, అందుకని వచ్చారు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేనని మేం వేళాకోళం చేస్తే ఆయనా నవ్వి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, కుర్ర లెక్చరరు చెప్పిందంతా రాసుకునేవారు. కాగితానికి కరువు కాలం. కిరాణా పొట్లాలు విప్పి, అరచేత్తో సాపు చేసి, వాటి మీదే పాఠం నోట్సు రాసేవారు. పైన 'ఉద్దేశం' అని రాయడం మాత్రం ఎప్పుడూ మరిచిపోయేవారు. గుర్తు చేస్తే, "ఉద్దేశమేముండాదప్పా, పిలకాయలకు లెక్క రావల్ల, అంతే" అనేవారు.

నాకు పాఠం చెప్పడం నేర్పింది కాలేజీ కాదు, ఆయనే. సాయంత్రాలు ఖాళీ క్లాసులో నన్ను నిలబెట్టి, తాను పిల్లల బెంచీలో కూర్చునేవారు. నేను నల్లబల్లవైపు తిరిగి గొణుగుతుంటే చిటికె వేసేవారు. "ఈ పక్కకు తిరుగప్పా. బల్లకు లెక్కలొచ్చు." ఈరోజు నేను పిల్లల ముఖాలు చూస్తూ పాఠం చెబుతున్నానంటే అది ఆయన చలవే.

"తప్పు పట్టినోడే లెక్క నేర్చినోడు" అనేది ఆయన మాట. మేం పాఠాలు చెప్పి నేర్చుకునే కాలేజీ బడిలో, పాఠం చివర కావాలనే ఒక తప్పు రాసి, సుద్దముక్క పట్టుకుని ఎదురుచూసేవారు. పిల్లలు "మేష్ట్రే, తప్పు!" అని అరిస్తే ఆ ముఖం చూడాలి!

మాకు పరీక్ష పాఠాలు జరిగిన రోజు కూడా అదే చేశారు. మూడూ నాలుగూ కూడి వర్గం చేస్తే ఎంత? మూడు వర్గం తొమ్మిది, నాలుగు వర్గం పదహారు, మొత్తం ఇరవై అయిదు అని బల్ల మీద రాసి తిరిగారు. మూడూ నాలుగూ ఏడని, ఏడేడులు నలభై తొమ్మిదని చిన్న తరగతుల వాళ్ళకూ తెలుసు. కానీ ఆరు నెలలుగా ఆయన తప్పులు పట్టేస్తున్న ఆ పిల్లలే ఆరోజు నోరు విప్పలేదు. వెనక పరీక్షాధికారి కూర్చుని ఉన్నాడు. "సరిగ్గా చూడండి" అన్నారు మేష్ట్రు. నవ్వారు. చెమట తుడుచుకున్నారు. ఇంకోసారి అడిగేలోపు గంట కొట్టేశారు.

"ఈయనకు సబ్జెక్టే రాదు" అని పైకే అంటూ రాసుకున్నాడు అధికారి. నేను ఆ అధికారి పక్కనే ఉన్నాను. అది కావాలని రాసిన తప్పండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. తర్వాతి పాఠం నాది. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

నేను పాసయ్యాను. ఆయన నేర్పినట్టే చెప్పాను, తప్పు ఒక్కటి రాయలేదు. ఆయన్ను ఒకటో తరగతికి దించారు. ఆ హైస్కూలు ఉద్యోగం నాకే ఇచ్చారు. మళ్ళీ పరీక్షకు కూర్చోండని ఎన్నిసార్లు బతిమాలినా, "ఇంకేం కూర్చునేదప్పా" అనేవారు. ఒకటో తరగతిలో ఆయన ఎప్పుడూ తప్పు రాయలేదట.

పోయిన నెల చూడబోతే మంచం మీదున్నారు. మాట సన్నబడింది.

"నీకు చెప్పలేదు కదా. ఆ పొద్దు సగం మంది పిలకాయలకు తెలుసంటప్పా. తర్వాత వచ్చి చెప్పినారు. కొత్త సారు ముందర మేష్ట్రు మర్యాద తీయకూడదని ఊరుకున్నారంట." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "మంచి పిలకాయలు. నువ్వూ అందుకే కదా ఊరుకున్నది?"

అవునన్నాను.

ఆయన నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు. అలాగే నిద్రపోయారు. చెయ్యి లాక్కుంటే లేస్తారేమోనని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.