అంకె కింద గీత

నలభై ఎనిమిదేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాను. నరసరావుపేటలో ఒక కాలేజీ ల్యాబు ఊడ్చే పని నాది. అక్కడ శిరీష మేడం తెగులు పట్టిన మిరప వేరును పల్చటి పొరలుగా కోసి, గాజు పలకలకు అతికించి, నంబర్లు వేసి పెట్టెలో వరుసగా పెట్టారు. వాటి ఫోటోలు కంప్యూటర్లో పేరిస్తే వేరు మొత్తం నిలువునా కనబడుతుందట.

ఒకరోజు తుడుస్తుంటే ఆ పెట్టె బోర్లాపడింది. ఒక్కటీ పగల్లేదు. నంబర్లు చదువుకుంటూ నేనే సర్దేశాను. ఎంత గర్వపడ్డానో!

పెట్టెలో ఉన్న వరుసలోనే ఫోటోలు తీసి పేర్చాక, బొమ్మలో వేరు నాలుగుచోట్ల తెగినట్టు కనబడింది. మేడం వారం రోజులు కంప్యూటర్‌తో కుస్తీ పట్టారు.

"పిన్నీ, పెట్టె ఏమన్నా కదిలిచ్చావా?"

"నేనెందుకు ముట్టుకుంటానమ్మా? నాకేం తెలుసుద్ది అయ్యన్నీ!"

చివరికి పలకలన్నీ పారేసి, మేడం కొత్త వేరు కోయడం మొదలుపెట్టారు. చెత్తబుట్ట ఎత్తుతుంటే ఒక పలక మీద 9 కనబడింది. తిప్పితే 6. ఏది కిందివైపో తెలియడానికి అంకె కింద చిన్న గీత కూడా ఉంది. నేను ఆ గీత చూడకుండా 6ను 9 చోట, 9ని 6 చోట, 66, 99లను కూడా అట్టాగే తారుమారు చేశాను; వేరు తెగింది ఆ నాలుగుచోట్లే.

అప్పుడైనా చెప్పలేదు. చదువు రాని రోజుల్లో ఎన్నడూ "నాకేం తెలుసు" అని తప్పించుకోలేదు. నాలుగు అక్షరాలు వచ్చాకే ఆ మాట చాటున దాక్కున్నాను.