నాన్న రికార్డుకు కొత్త సూది

ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. బంద్ కావడంతో మాదాపూర్‌లో ఆఫీసు క్యాబులు రాలేదు. ఇంట్లోనే ఉన్నాను కదా అని రికార్డు ప్లేయర్‌కి సూది ఉండే కొత్త కార్ట్రిడ్జ్ బిగించడానికి కూర్చున్నాను.

మా నాన్న వయసులో ఉండగా జనగామ వైపు పాటల బృందంతో కలిసి ఒక చిన్న రికార్డుకు పాడాడు. మా దగ్గర మిగిలింది ఒక్కటే. అరిగిన సూది దాన్ని గీకేస్తుందని భయపడి అంతకు ముందు వారమే కోఠిలో పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. అక్కడి ముసలాయన నాలుగు రకాలు చూపించి, అన్నిటికంటే చవకది నా చేతిలో పెట్టాడు.

"సూదిని మోసే నీ ప్లేయర్ చెయ్యి జర బరువుది బిడ్డా, దానికి గిదే మంచిగుంటది. రెండు గ్రాములకు మించి బరువు పెట్టకు, పాట చెక్కుకపోతది. మరీ తక్కువ పెడితే సూది దునుకుతది."

నాలుగు సన్నటి తీగలు, రెండు స్క్రూలు. గీతల కాగితం మీద సూది మొనను సరిచూస్తూ, చెయ్యి వెనకున్న బరువును కొద్దికొద్దిగా తిప్పుతూ, బుల్లి త్రాసు మీద తూచుకుంటూ పొద్దంతా గడిపాను. నాతో ఫ్లాట్‌లో ఉండే గుంటూరమ్మాయి ఫోన్ లైటు పట్టుకుంది. మాది ఒకే టీమ్, మూడేళ్ల స్నేహం.

సూది దించాను. మా ఊరి యాసలో నాన్న గొంతు గరగర లేకుండా వచ్చింది.

ఆమె పక్కున నవ్వింది. "ఇదేం పాటే, సినిమాలో కమెడియన్ మాట్లాడినట్టుంది."

"మా నాన్న పాడుతుండు," అన్నాను.

"అయ్యో, నాకేం తెలుసు?" అంటూనే, నవ్వు ఆపుకోలేక, ఆ ముక్క మళ్లీ వినాలని ప్లేయర్ చెయ్యి పట్టి వెనక్కి లాగింది. సూది వంగింది. రికార్డు మీద అడ్డంగా గీత పడింది.

"సారీనే. సూది నేను కొనిస్తాను."

"సూది సంగతి ఇడిసిపెట్టు. ఎందుకు నవ్వినవో చెప్పు."

"ఊరికే నవ్వాను. ప్రతిదీ ఉద్యమం చేస్తావేంటి?"

మూడేళ్లుగా ఆఫీసులో "వస్తున్న" అనబోయి "వస్తున్నాను" అని దిద్దుకున్నదాన్ని. అలా దిద్దుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె మీద ఎంత కోపమొచ్చిందో నా మీద అంతకు రెట్టింపు వచ్చింది.

వారం తర్వాత ఆమె అదే దుకాణం నుంచి అదే సూది తెచ్చింది. బిగించి పెట్టాను. గీత దగ్గర టక్కుమంటూ పాట సాగింది.

"నేనూ వినొచ్చా?" గుమ్మంలో నిలబడి అడిగింది.

"వద్దు," అన్నాను. తలుపు వేసుకున్నాను.