బియ్యంలో రాసిన పేరు

తన పేరంత బరువు మోసే భుజాలు తనకు లేవని ధర్మరాజుకు చిన్నప్పుడే తెలిసిపోయింది. టాటానగర్ లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేరాక మిగతావాళ్లకూ తెలిసింది. ఇద్దరు కొట్టుకుంటే తీర్పు చెప్పమని ఆయన దగ్గరికే లాక్కొచ్చేవారు. ఆయన ఇద్దరిదీ నిజమేననేవాడు, ఇద్దరి చేతా చీవాట్లు తినేవాడు. పేకాటకు ఎవరూ కూర్చోబెట్టుకునేవారు కాదు. ఆ పేరుగలాయన జూదంలో రాజ్యమే పోగొట్టుకున్నాడు కదా. ఒకసారి ఆస్పత్రిలో ఉన్న తోటి ఫిట్టర్ సీతారామరావును చూడడానికి బత్తాయిలు పట్టుకెళ్తే, అతని తల్లి జోగమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"యముడి పేరూ అదే కదా బాబూ. పళ్లు ఇచ్చీసి ఎల్లిపో," అంది.

ఈ కథలన్నీ ధర్మరాజు తానే ప్రతి పెళ్లిలోనూ చెప్పి నవ్వించేవాడు. చివర్లో, "ఈ పేరు నాతోనే రిటైరైపోవాల," అనేవాడు.

కొడుకు సుమన్ ఆ మాట నిజమనుకున్నాడు. తాత పేరు మనవడికి పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. అయినా మగపిల్లాడు పుట్టగానే, "నువ్వు వద్దన్నావు గదా నానా. వివాన్ అని పెడతన్నాం," అని చెప్పేశాడు.

"మంచి పని సేసినావు," అన్నాడు ధర్మరాజు. ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు. నలుగురూ నవ్వుతున్నారు కదా అని సొంత పేరును తానే పాతిపెట్టుకున్న మొనగాడు ఇంకొకడు ఉండడని తనను తాను తిట్టుకున్నాడు.

బారసాల గోవింద్‌పూర్‌లో సుమన్ ఇంట్లోనే. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లాడి పేరు తెలుగులో రాయాలి. హిందీలో చదువుకున్న సుమన్‌కు తెలుగు అక్షరం రాదు. కోడలు స్మితకూ అంతే. పంతులుగారు బీహారీ. "నువ్వే రాయి నానా," అని సుమన్ పళ్లెం తండ్రి ముందుకు జరిపాడు.

ధర్మరాజు ఉంగరం పట్టుకుని మొదలుపెట్టాడు. వివాన్ అని రాయాల్సిన చెయ్యి 'ధర్మ' అని రాసేసింది.

"కిత్‌నా సుందర్ లిఖా హై, పాపాజీ," అని కోడలు ఆ అందమైన రాతకు మురిసిపోయి ఫోనులో ఫొటో తీసింది.

ముసలితనంలో దొంగతనం ఇంత సులువా అనుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఇంట్లో తెలుగు చదవగలిగే మనిషి ఇంకొకరు ఉన్నారని. మనవడిని ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్న భార్య గౌరీదేవి పళ్లెం వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆమె పిల్లాడి మొహం పళ్లెం వైపు తిప్పింది.

"సగంలో ఆపీసేరేటి," అంది మెల్లగా. "పూర్తిగా రాసీయండి. ఆడు సూత్తన్నాడు."